వంగిన నడుము వయసు వల్లేనా?

లూకా 13వ అధ్యాయంలో 18 ఏళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీని ప్రభువు చూచి, దగ్గరకు పిలిచారు. ఆమెది ఈ జబ్బని మేము అనడం లేదు. కానీ మన సంఘాల్లో వంగిపోతున్న తల్లులను చూచి "వయసు కదా" అని ఊరుకుంటున్నాం. ఎముకలు గుల్లబారే ఆస్టియోపోరోసిస్‌లో వెన్నుపూసలు నొప్పి తెలియకుండానే నలిగి కుంగిపోవచ్చు. ఎత్తు తగ్గినా, గూని వచ్చినా డాక్టరుకు చూపించాలి. డెక్సా స్కాన్‌లో ఎముక బలం తెలుస్తుంది.

అలెండ్రోనేట్ మాత్ర రాస్తే పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో మింగి, అరగంట వరకు ఏమీ తినకూడదు, పడుకోకూడదు. ఆ ఉదయం మోకాళ్ల ప్రార్థన ఆ తర్వాతే! ప్రార్థన చేయించుకున్నామని మాత్రలు మానేసినవారిని ఎరుగుదుము. దయచేసి అలా చేయకండి. రాగిజావ, నడక మంచివే, మందుకు బదులు కావు.

కాపరులారా, "అందరూ మోకరించండి" అనేటప్పుడు పెద్దవాళ్లకు కుర్చీలు వేయించండి. మందిరం మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించండి.