పైపు పొగలో పరమార్థం ఉందా?

కుత్బుల్లాపూర్‌లో దైవచింతనకు కరువు లేదు. సూరారం కట్టమైసమ్మ, గాజులరామారం చిత్తారమ్మ గుళ్లు, బస్తీల్లో సాయి మందిరాలు, మసీదులు, చర్చిలు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. జీడిమెట్ల పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి, షాపూర్‌నగర్ టీ కొట్ల దగ్గర ఆగేవాళ్ల మాటలు కూడా కర్మ, మోక్షం దాకా తేలిగ్గా వెళ్తాయి. చేతిలో బీడీ ఉన్నవాళ్లు ‘పొగ పడితేనే ఆలోచన సాగుతుంది, మునులు కూడా తాగినవాళ్లే’ అంటుంటారు. చుట్ట, చిలుం, హుక్కా, పైపు ఏదైనా వాదన అదే. దేవుడి పేరు చెప్పి ఊపిరితిత్తులు పాడుచేసుకోవడం భక్తికీ ఒంటికీ అన్యాయమే. అందుకే ఈ నమ్మకాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

అపోహ 1: పొగాకు పుట్టుక మన పురాణాల్లోనే ఉంది.

వాస్తవం: గరుత్మంతుడు అమృతం తెస్తుంటే ఒక చుక్క నేల రాలి పొగాకు మొక్కయిందనే చాటుపద్యం తెలుగునాట చాలామందికి తెలుసు. గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం నోట వినిపించేది అదే. చుట్టను సమర్థించుకునే పాత్ర చదివిన సరదా పద్యం ప్రమాణం కాదు. పొగాకు అమెరికా ఖండాల మొక్క. అది పోర్చుగీసు వర్తకుల ద్వారా దక్కనుకు చేరింది. 1604 ప్రాంతంలో అసద్ బేగ్ అనే మొఘల్ ఉద్యోగి బీజాపూర్ నుంచి పొగాకునూ, రత్నాలు పొదిగిన గొట్టాన్నీ తెచ్చి అక్బరు ముందుంచాడు. గుణం తెలియని వస్తువని ఆస్థాన వైద్యుడు వారించాడు. 1617లో జహంగీర్ పొగాకు తాగడాన్ని నిషేధించాడు. వేదకాలపు ఋషులకు ఈ ఆకును చూసే అవకాశమే లేదు.

అపోహ 2: ఆయుర్వేదమే ధూమపానం చేయమంది.

వాస్తవం: చరకసంహిత సూత్రస్థానం ఐదో అధ్యాయంలో ధూమపానం ఉన్నమాట నిజమే. అయితే అందులో వాడేవి గుగ్గులు, అగరు, చందనం, ఏలకుల వంటి ద్రవ్యాలు. వాటిని నూరి వత్తిగా చేసి, తలలో చేరిన కఫవాత దోషాలకు చికిత్సగా, చెప్పిన వేళల్లో, చెప్పిన మోతాదులో పీల్చమన్నారు. వేళ తప్పినా, మోతాదు మించినా చెవుడు, అంధత్వం, తలతిరుగుడు, రక్తస్రావం వస్తాయని అక్కడే హెచ్చరించారు. ఎవరెవరు తాగకూడదో కూడా చెప్పారు. ఇందులో పొగాకు ప్రస్తావన లేదు. రోజుకో పెట్టె సిగరెట్లకు చరకుణ్ణి సాక్షిగా పిలవడం తగదు.

అపోహ 3: శివుడు చిలుం తాగుతాడు కాబట్టి అది పూజలో భాగం.

వాస్తవం: శివుడి ధ్యానశ్లోకాల్లో త్రిశూలం, డమరుకం, పరశువు, జింక కనిపిస్తాయి, చిలుం కనిపించదు. చిలుం పట్టిన శివుడు ఈమధ్యకాలపు పోస్టర్లలోని బొమ్మ. కొందరు సాధువులు చిలుం తాగడం వారి వ్యవహారం, శాస్త్రం విధించిన పూజ కాదు. పైగా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి దగ్గర ఉంచుకున్నా నేరమే. శివుడి పేరు చెప్పినా కేసు తప్పదు.

అపోహ 4: షిర్డీ సాయిబాబా తాగారు, మనం తాగితే తప్పేంటి?

వాస్తవం: బాబా ద్వారకామాయిలో చిలుం తాగేవారనీ, పక్కవారికీ అందించేవారనీ సాయి సచ్చరిత్ర చెబుతుంది. 1918 అక్టోబర్ 15న సమాధి చెందిన ఆ ఫకీరు జీవించిన పల్లెల్లో చిలుం చేతులు మారడం మామూలు సంగతి. హిందువుకూ ముస్లింకూ ఒకే చిలుం అందించడంలో మనం నేర్చుకోవలసింది సమభావం. భక్తులకు ఆయన బోధించింది శ్రద్ధ, సబూరి. ప్రసాదంగా ఇచ్చింది ధునిలోని ఊదీ.

అపోహ 5: పాశ్చాత్య వేదాంతులంతా పైపు పొగలోనే దేవుణ్ణి కనుగొన్నారు.

వాస్తవం: కార్ల్ బార్త్, సి.ఎస్. లూయిస్ పైపు ప్రియులే. కానీ లూయిస్‌ను విశ్వాసం వైపు తిప్పినది 1931 సెప్టెంబర్‌లో ఒక రాత్రి ఆక్స్‌ఫర్డ్‌లో టోల్కీన్, డైసన్ అనే మిత్రులతో నడుస్తూ సాగిన సుదీర్ఘ సంభాషణ. సంగీతకారుడు బాఖ్ కుటుంబం 1725లో మొదలుపెట్టిన సంగీత పుస్తకంలో పైపు మీద ఒక భక్తిగీతం ఉంది. అందులో పైపు జ్ఞానమిచ్చే సాధనం కాదు, మట్టి నుంచి వచ్చి మట్టిలో కలిసే శరీరానికి గుర్తు. చర్చి అంతటా సమ్మతి ఉన్నమాట కూడా నిజం కాదు. 1642లో పోప్ ఎనిమిదో అర్బన్ సెవిల్ ప్రాంతపు చర్చిల్లో పొగాకు వాడేవారిని వెలివేస్తామన్నాడు. 1874లో లండన్ ప్రసంగీకుడు స్పర్జన్ తన సిగార్‌ను సమర్థించుకుంటే పత్రికల్లో పెద్ద దుమారం రేగింది. చర్చి బయట చూసినా, సిక్కు ఖాల్సా నియమం పొగాకును పూర్తిగా నిషేధించింది.

పైపు నిజంగా ప్రార్థనగా మారిన చోటు ఉత్తర అమెరికా. లకోటా వంటి ఆదివాసులకు పైపు పవిత్ర వస్తువు. పొగ తమ ప్రార్థనను పైకి మోస్తుందని వారి విశ్వాసం. అది ప్రత్యేక క్రతువు, రోజువారీ అలవాటు కాదు. మనవైపు అమ్మవారికి వేసే మైసాచి పొగ కూడా దేవతకు అర్పించేదే.

అపోహ 6: పొగ మనసును నిలుపుతుంది, ధ్యానానికి పనికొస్తుంది.

వాస్తవం: పీల్చిన పొగలోని నికోటిన్ సుమారు 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. రక్తంలో దాని మోతాదు దాదాపు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అప్పుడు చిరాకు, అస్థిమితం మొదలవుతాయి. మళ్లీ తాగితే అవి తగ్గుతాయి. ప్రశాంతతగా తోచేది చాలావరకు ఆ చిరాకు తగ్గడమే. మానేసినవారిలో కొన్ని వారాల తర్వాత ఆందోళన, దిగులు తగ్గుతాయి.

అపోహ 7: పైపు, చుట్ట లోపలికి పీల్చం, హుక్కాలో నీళ్లు విషాన్ని వడగడతాయి.

వాస్తవం: పైపు, చుట్ట పొగలోని నికోటిన్ నోటి పొర నుంచే రక్తంలోకి వెళ్తుంది. నోరు, గొంతు, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు ఇవీ కారణమే. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారికి అంగిలి క్యాన్సర్ ముప్పు ఎక్కువ. హుక్కా నీళ్లు పొగను చల్లబరుస్తాయి, శుద్ధి చేయవు. గంటసేపు హుక్కా తాగితే, ఒక సిగరెట్‌తో పోల్చితే 100 నుంచి 200 రెట్ల పరిమాణంలో పొగ లోపలికి వెళ్లవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లను నిషేధించే బిల్లును ఆమోదించింది.

పైపు పట్టిన వేదాంతుల నుంచి మనం తీసుకోవలసినది ఒకటుంది. వాళ్లు పని ఆపి కూర్చున్నారు, తొందర లేకుండా ఆలోచించారు, మనసు విప్పి మాట్లాడే మిత్రుణ్ణి పక్కన ఉంచుకున్నారు. షిఫ్టు మధ్య దొరికే విరామంలో మనకూ ఇవి సాధ్యమే. ఆ విరామాన్ని ఉంచుకుని పొగను వదిలేయండి. మానడం కష్టమైతే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. దేవుడి గురించి ఇంకా ఎన్నో ఏళ్లు ఆలోచించాలనుకునేవారికి ఆ ఏళ్లు బతికి ఉండటం కూడా ముఖ్యమే.