పేరు ఒకటే, పీపా వేరు: స్కాచ్ బజారులో మచ్చుదే తీర్పు

స్కాచ్ విస్కీ బజారులో మొదట ధర పలికేది పేరుకు, ఆ తరువాత వయస్సుకు. పేరూ వయస్సూ ఒకటే అయి, నిల్వ ఉంచిన పీపా మాత్రం వేరైనప్పుడు ధర దేనిని బట్టి కట్టాలన్నది చిక్కు ప్రశ్న. ఈ ప్రశ్న మీదనే బతికే వ్యాపారులు స్కాట్లండులో ఒక వర్గంగా ఉన్నారు. వారిని స్వతంత్ర బాట్లర్లు అంటారు. ఇతరుల డిస్టిలరీలలో దించిన సరకును పీపాల లెక్కన కొని, గిడ్డంగిలో ఉంచి, అదను చూసి తమ లేబిలుతో సీసాలకెత్తి అమ్మడం వీరి పని. కొందరు తరువాత సొంత డిస్టిలరీలు కూడా సంపాదించుకున్నారు గాని, అసలు వ్యాపారం మాత్రం ఇదే.

ఈ వ్యాపారం నిన్న మొన్నటిది కాదు. కేడెన్‌హెడ్ సంస్థ 1842లో ఆబర్డీన్‌లో మొదలైంది. గోర్డన్ అండ్ మెక్‌ఫైల్ 1895లో ఎల్గిన్ పట్టణంలో కిరాణా కొట్టుగా తెరుచుకుంది. 1968లో వేర్వేరు డిస్టిలరీల మాల్టులను ఒకే వరుస కింద విడివిడిగా అమ్మడం ప్రారంభించింది. ఆ కాలంలో మాల్ట్ విస్కీలో అత్యధిక భాగం బ్లెండులలో కలిసిపోయేది. ఫలానా డిస్టిలరీ సరకును విడిగా రుచి చూడాలంటే చాలా సందర్భాలలో ఇటువంటి కొట్లే దిక్కు. 1988లో వచ్చిన సిగ్నేటరీ సంస్థ పీపా నెంబరు, దించిన తేదీ, సీసాకెత్తిన తేదీ లేబిలు మీద వేసి అమ్మే పద్ధతికి బాగా పేరు తెచ్చింది.

సరకును పోల్చి చూడటానికి కుల్ ఈలా మంచి ఉదాహరణ. ఐలా ద్వీపంలోని ఈ డిస్టిలరీ 1846 నాటిది. ఇప్పుడు డియాజియో కంపెనీది. దీని సరకులో ఎక్కువ భాగం జానీ వాకర్ వంటి బ్లెండులకు పోతుంది. అందువల్లనే పీపాలు దళారుల ద్వారా బయటి బజారుకు తరచు వస్తుంటాయి. స్వతంత్ర బాట్లర్ల జాబితాలు తిరగేస్తే కుల్ ఈలా లేని జాబితా అరుదు.

ఒకే ఏడాది దించిన రెండు పీపాల మచ్చులను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. మొదటిది అప్పటికే ఒకటి రెండు సార్లు విస్కీకి వాడిన హాగ్స్‌హెడ్ పీపా, సుమారు 250 లీటర్లు పట్టేది అనుకుందాం. రంగు ఎండుగడ్డి రంగు. ముక్కు దగ్గర పెట్టగానే పీట్ పొగ, నిమ్మతొక్క, తడిసిన బూడిద, సముద్రపు ఉప్పుగాలి. కర్ర వాసన వెనుకనే ఉండిపోతుంది. రెండవది షెర్రీ ద్రాక్షసారాయి నిలిచిన పెద్ద పీపా, 500 లీటర్లది. రంగు ముదురు. కిస్‌మిస్, ఖర్జూరం, లవంగం ముందుకొస్తాయి. పొగ వాటి చాటున నిప్పుల మీద కాల్చిన మాంసంలా తగులుతుంది. కొత్తగా కొనేవాడి చెయ్యి రెండవదాని మీదికి పోతుంది. డిస్టిలరీ పనితనం తెలిసేది మాత్రం మొదటిదానిలోనే. ముదురు రంగుకు అదనపు ధర ఇవ్వడం ఈ బజారులో పాత బలహీనత. పంచదార మాడ్చిన రంగు కలపడాన్ని చట్టం అనుమతిస్తుంది కనుక, రంగు వయస్సుకు సాక్ష్యం కాదు. పేరున్న స్వతంత్ర బాట్లర్లలో ఎక్కువ మంది ఆ రంగు జోలికి పోరు.

పరీక్షకు కూర్చునేవారు తేలిక రకాలు ముందు, పొగ రకాలు చివర చూస్తారు. పొగ ఒకసారి నాలుకకు పట్టిన తరువాత సున్నితమైన రకాలకు న్యాయం జరగదు. గ్లాసు అడుగు వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉండాలి. మొదట నీరు కలపకుండా, తరువాత కొద్దికొద్దిగా కలుపుతూ చూస్తారు. బ్లెండర్లు మచ్చును 20 శాతం ఘాటుకు తగ్గించి వాసన మాత్రమే చూస్తారు. లోపాలు అక్కడ దాగవు. గీసిన అగ్గిపుల్ల వంటి గంధకపు వాసన, పులుపు, నోరెండబెట్టే కర్ర చేదు, వీటిలో ఏది కనిపించినా పీపా విలువ పడిపోతుంది, పైన ఎంత గొప్ప పేరున్నా సరే.

తరుగు లెక్క

పీపా ధర కట్టేది లీటరు విస్కీకి కాదు, అందులోని లీటరు శుద్ధ ఆల్కహాలుకు. 250 లీటర్ల పీపాను 63.5 శాతం ఘాటుతో నింపితే శుద్ధ ఆల్కహాలు సుమారు 159 లీటర్లు. ఏటా 2 శాతం గాలిలో కలుస్తుందని వ్యాపారంలో అనుకునే లెక్క. ఆ చొప్పున పన్నెండేళ్లకు మిగిలేది సుమారు 125 లీటర్లు. ఘాటు 56 శాతం దగ్గర ఉండి, నీరు కలపకుండా నింపితే 700 మిల్లీలీటర్ల సీసాలు 315 దాకా వస్తాయి. అదే 46 శాతానికి తగ్గించి నింపితే 385 దాకా వస్తాయి. ఒకే పీపాకు డెబ్భై సీసాల తేడా! అయినా పీపా ఘాటుతోనే అమ్మే బాట్లర్లు ఉన్నారంటే, ఆ సీసాకు అంత ఎక్కువ ధర ఇచ్చే కొనుగోలుదారులు ఉన్నారన్నమాట.

ఎక్కువకాలం ఉంచితే లాభమే అన్న ధీమా కూడా పనికిరాదు. స్కాచ్ అనిపించుకోవాలంటే ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు నిలవడమే కాదు, సీసాలో ఘాటు 40 శాతానికి తగ్గకూడదు. ముసలి పీపాలో ఘాటు ఆ గీత దాటి కిందికి జారితే ఆ సరకు స్కాచ్ పేరే పోగొట్టుకుంటుంది.

పేర్ల విషయంలో డిస్టిలరీలు తమ జాగ్రత్తలో తాముంటాయి. బయటికి అమ్మే పీపాలో మరో డిస్టిలరీ మాల్టు ఒక చెంచాడు పోస్తే చాలు, చట్టం దృష్టిలో అది సింగిల్ మాల్టు కాకుండా పోతుంది. గ్లెన్‌ఫిడిక్‌లో బాల్వెనీ చెంచాడు పడితే దానిని వార్డ్‌హెడ్ అంటారు. బాల్వెనీలో గ్లెన్‌ఫిడిక్ పడితే బర్న్‌సైడ్. ఆ చెంచాడును రుచిలో పట్టుకోగలిగినవాడు లేడు, ధరలో మాత్రం అందరికీ తెలుస్తుంది. నాలుకను నమ్మి కొనేవారికి ఈ రకాలు లాభసాటి.

మచ్చు చూడని పీపాలు

ఈ వ్యాపారంలో చెయ్యి కాల్చుకున్నవారు ఎక్కువగా విస్కీ వర్గాల వెలుపలివారే. 2020 తరువాత పీపాలను పెట్టుబడిగా అమ్మే ప్రకటనలు బ్రిటనులో వెల్లువెత్తాయి. సామాన్యులు దాచుకున్న డబ్బు పెట్టి, కంటితో చూడని పీపాలు కొన్నారు. ఒకే పీపాను పలువురికి అమ్మిన ఉదంతాలను 2025లో బీబీసీ పరిశోధన బయటపెట్టింది. చేతిలో అందమైన ధ్రువపత్రం ఉంటే యాజమాన్యం వచ్చినట్టు కాదు. గిడ్డంగిదారు పుస్తకాలలో పేరు మారాలి. అందుకు అమ్మకందారు ఇచ్చే డెలివరీ ఆర్డరు కావాలి. పీపాలో ఎన్ని లీటర్లున్నాయో, ఘాటు ఎంతో ఇటీవల కొలిచిన లెక్క కావాలి. ఆపైన మచ్చు కావాలి. ఈ మూడూ అడగకుండా వృత్తి బాట్లరు ఎవరూ పీపా కొనరు. అడిగితే సాకులు చెప్పే అమ్మకందారు దగ్గర బేరమే అనవసరం.

సరఫరా వైపు మార్పులు కనిపిస్తున్నాయి. ఇతర డిస్టిలరీల కొత్త సరకుతో పీపాలు నింపడం 2024 నుంచి ఆపివేస్తున్నట్లు గోర్డన్ అండ్ మెక్‌ఫైల్ 2023లో ప్రకటించింది. పాత నిల్వలు దశాబ్దాలకు సరిపడా ఉన్నందున వారి సీసాలు ఇప్పట్లో మాయం కావు. మరోవైపు స్కాట్లండు గిడ్డంగులలో సుమారు 2 కోట్ల 20 లక్షల పీపాలు ఉన్నట్లు పరిశ్రమ సంఘం లెక్క. 2022లో 620 కోట్ల పౌండ్లు దాటిన ఎగుమతుల విలువ 2024లో 540 కోట్ల పౌండ్లకు దిగింది. వేలం ధరలు మెత్తబడ్డాయి. డబ్బు అవసరపడి పీపాలు వదిలించుకునేవారు పెరిగితే, నాలుకా ఓపికా ఉన్న బాట్లర్లకు ఇది కొనుగోలు కాలమే.

భారతదేశం 2024లో పరిమాణంలో స్కాచ్‌కు అతిపెద్ద ఎగుమతి మార్కెటు. అయితే ఇక్కడికి పెద్దమొత్తంలో వచ్చే బ్లెండు సరకుకూ ఈ సీసాలకూ పోలిక లేదు. సింగిల్ మాల్టును స్కాట్లండులోనే సీసాకెత్తాలన్న నిబంధన 2012 నుంచి అమలులో ఉంది కనుక, అది ఇక్కడికి సీసాగానే రావాలి, సీసా ధర మీదే సుంకం కట్టాలి. 2025 జూలై 24న బ్రిటనుతో సంతకమైన వాణిజ్య ఒప్పందం ప్రకారం 150 శాతం ఉన్న సుంకం మొదట 75 శాతానికి, పదో ఏటికి 40 శాతానికి తగ్గాలి. రాష్ట్రాల ఎక్సైజు పన్నులు దీనికి అదనం.