ఎల్‌ఓసీ దాటొద్దు: ఒక్క ఆర్డర్ సైన్యం ప్లాన్‌ని ఎలా మార్చేసింది?

మీలో చాలామంది అడిగే ప్రశ్న ఇది: "యుద్ధం ఎలా చేయాలో ఆర్మీకి తెలుసు కదా, మధ్యలో రాజకీయ నాయకులెందుకు?" యుద్ధమొస్తే ఎలా పోరాడాలో సైన్యం ముందే రాసిపెట్టుకునే పద్ధతిని డాక్ట్రిన్ అంటాం. కానీ ఎంతదూరం వెళ్లాలి, ఎక్కడ ఆగాలి అన్నది చెప్పేది ప్రభుత్వమే.

కార్గిల్ చూడండి. 1999 మే నెలాఖర్లో వాజ్‌పేయి ప్రభుత్వం ఎయిర్‌ఫోర్స్‌కి ఓకే చెప్పింది, కానీ ఎల్‌ఓసీ మాత్రం దాటకూడదంది. శత్రువు శిఖరాల మీద ఉన్నాడు, అతనికి సరుకు వెనక నుంచి వస్తోంది. చుట్టూ తిరిగి ఆ దారి తెంపేద్దామంటే గీత దాటాలి. అందుకే తోలోలింగ్, టైగర్ హిల్ లాంటి చోట్ల మనవాళ్లు తుపాకులకి ఎదురుగా కొండెక్కాల్సి వచ్చింది. ఆ యుద్ధంలో 527 మంది ప్రాణాలిచ్చారు. మరి ఈ కండిషన్ ఎందుకు? అంతకు ఏడాది ముందే రెండు దేశాలూ అణుపరీక్షలు చేశాయి. గీత దాటకపోవడం వల్లే ప్రపంచం మనవైపు నిలబడింది. జూలై 4న వాషింగ్టన్‌లో నవాజ్ షరీఫ్ వెనక్కి తగ్గడానికి ఒప్పుకున్నారు. నా లెక్కలో ఆ నిర్ణయం సరైనదే, కానీ దాని ఖరీదు కట్టింది మాత్రం కొండెక్కినవాళ్లు.

2001 డిసెంబర్ 13న పార్లమెంటుపై దాడి జరిగింది. ఆపరేషన్ పరాక్రమ్ మొదలైంది. మథుర, అంబాలా, భోపాల్‌లలో ఉండే పెద్ద దళాలు సరిహద్దు చేరేసరికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఈలోపు అమెరికా ఒత్తిడి, ముషారఫ్ ప్రసంగం. దాదాపు పది నెలలు ఎదురుచూసి సైన్యం వెనక్కొచ్చింది.

ఆ అనుభవంతోనే 2004లో ఆర్మీ 'కోల్డ్ స్టార్ట్' తెచ్చింది: చిన్న దళాలతో రెండు మూడు రోజుల్లోనే కొట్టాలి, అణుయుద్ధం దాకా పోకుండా ఆగాలి. చిక్కేంటంటే, ఏ ప్రభుత్వమూ ఇది మాదే అని బహిరంగంగా చెప్పలేదు. అలాంటిది లేదని 2010లో ఆర్మీ చీఫ్ వీకే సింగ్ అంటే, ఉందని 2017లో బిపిన్ రావత్ అన్నారు! పాకిస్తాన్ మాత్రం సీరియస్‌గా తీసుకుంది. 2011లో 60 కిలోమీటర్లు వెళ్లే నస్ర్ అణుక్షిపణిని పరీక్షించింది. అంటే ఢిల్లీ సొంతం చేసుకోని ప్లాన్‌కి అవతల ఆయుధం తయారైపోయింది.

అణ్వాయుధాల దగ్గర ఈ గందరగోళం లేదు. ముందుగా మనం ప్రయోగించం, ఆదేశమిచ్చేది ప్రధాని నేతృత్వంలోని పొలిటికల్ కౌన్సిలే అని 2003 జనవరి 4న ప్రభుత్వమే ప్రకటించింది.

ఇక 2019 ఫిబ్రవరి 26. కార్గిల్‌లో గీత దాటొద్దని ఆపిన మిరాజ్ 2000 విమానాలనే ఈసారి బాలాకోట్ మీదకి పంపారు. దానికి ప్రభుత్వం పెట్టిన పేరు 'నాన్ మిలిటరీ' చర్య. బాంబులు వేసింది ఎయిర్‌ఫోర్స్, పేరు పెట్టింది విదేశాంగ శాఖ.