దోషము పుట్టిన చోటు

ముప్పదియేండ్లకు పైగా బాలుర వ్యాకరణదోషములను దిద్దిన నేను, ఉద్యోగవిరమణానంతరము లినక్సు కంప్యూటరుపై సీ భాషలో నొక చిన్న ప్రోగ్రాము వ్రాసితిని. ఒక ఫైలులోని పద్యపాదములను జదివి లెక్కించుట దాని పని. అందు నాకు గలిగిన చిక్కులు రెండు. అవి క్రొత్తవారి కందఱకు నెదురగునవి గావున మనవి చేయుచున్నాను.

మనము వ్రాసిన సీ భాష యంత్రమునకు నేరుగా బోధపడదు. దానిని యంత్రభాషలోనికి మార్చునది కంపైలరు. 1987లో రిచర్డ్ స్టాల్మన్ వెలువరించిన జీసీసీ యట్టిది. అది సిద్ధపఱచిన ఫైలునకు 'గణన' యని పేరిడితిని. టెర్మినలులో 'గణన' యని టైపు చేయగా 'ఆజ్ఞ కనబడలేదు' అని జవాబు వచ్చెను. ఫైలు కన్నులయెదుట నుండగా నిదేమి చోద్యము? షెల్లు ఆజ్ఞలను 'పాత్' అను పట్టికలోని డైరెక్టరీలయందు మాత్రమే వెదకును. మనమున్న డైరెక్టరీ సాధారణముగా నందు జేరదు. తెలిసిన ఆజ్ఞ పేరుతో నెవరైన నచ్చట నుంచిన దుష్ట ప్రోగ్రాము పొరపాటున నడువకుండుట కిది రక్ష. పేరునకు ముందు చుక్కయు, నేటవాలు గీతయు జేర్చినచో 'ఇచ్చట నున్నదానినే నడుపుము' అని యర్థము.

అట్లు చేయగా ప్రోగ్రాము నడిచెను. వెంటనే 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని యాగిపోయెను. తనకు జెందని స్మృతిస్థానమును ముట్టినందున కెర్నెలు దానిని నిలిపివైచెనని భావము. దోషమున్నదని చెప్పెనే గాని యే పంక్తిలో నున్నదో చెప్పదయ్యెను.

ఇట్టిచో జీడీబీ యను శోధకము తోడ్పడును. మొదట కంపైలరునకు 'హైఫన్ జీ' యను సూచన నిచ్చి మరల కంపైలు చేయవలెను. అప్పుడు పంక్తిసంఖ్యలు ప్రోగ్రాములో నిలుచును. జీడీబీలో 'రన్' అనిన ప్రోగ్రాము నడిచి, కూలిన చోట నాగును. 'బ్యాక్‌ట్రేస్' అనిన నే ఫంక్షను దేనిని బిలిచెనో వరుసగా గనబడును. పై వరుస లైబ్రరీలోని చదువు ఫంక్షనుది, నాది గాదు. దాని క్రిందనే నా పంక్తి యుండెను. 'అప్' అని యచ్చటికి బోయి, 'ప్రింట్' ఆజ్ఞతో ఫైలు చలరాశి విలువ నడుగగా సున్న వచ్చెను. ఫైలు పేరులో నొక యక్షరము తప్పు వ్రాసితిని. ఫైలు తెఱచుకొనలేదు. తెఱచుకొన్నదో లేదో చూడకయే చదువ బూనితిని.

దోషము బయటపడిన చోటు వేఱు, పుట్టిన చోటు వేఱు. ఎఱ్ఱసిరాతో 'తప్పు' అని మాత్రమే వ్రాసి పుస్తకములు తిరిగి యిచ్చిన దినములు నాకు జ్ఞప్తికి వచ్చినవి. ఆ బాలురకు తప్పు పుట్టిన చోటు చూపియుండవలసినది. మీరు మాత్రము యంత్రము మాటను తిట్టుగా గాక జాడగా గైకొనుడు.