సంఘం మొదలయ్యాక ఏం జరగాలి?

ఫలానా ఊళ్లో కొత్త సంఘం ప్రారంభమైందనీ, ఇంతమంది బాప్తిస్మం పొందారనీ మన పత్రికకు వారం వారం వార్తలు వస్తూనే ఉంటాయి. దేవునికి స్తోత్రం. ఫోటోలో షామియానా, రిబ్బను కత్తిరిస్తున్న దైవజనులు, వెనుక కొత్త బోర్డు కనిపిస్తాయి. ఆ వార్తలు వేస్తున్నాం, ఇకముందూ వేస్తాం. అయితే అయిదేళ్ల తర్వాత ఆ సంఘం ఎలా ఉందో చెబుతూ ఎవరైనా ఉత్తరం రాశారా అంటే, నాకు గుర్తున్నంతవరకు ఒక్కటీ లేదు.

ఎవరినో వేలెత్తి చూపే ముందు నా సంగతి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం మా టౌను సంఘం నుంచి అయిదుగురం యౌవనస్థులం ఒక పల్లెలో ఆదివారం సాయంత్రపు కూడిక మొదలుపెట్టాం. అప్పటికి అక్కడ విశ్వాసుల కుటుంబాలు రెండే. మైకు, కీబోర్డు మేమే మోసుకెళ్లాం. పాట మేమే పాడాం, ప్రార్థన మేమే చేశాం, వాక్యం మేమే చెప్పాం. క్రిస్మస్‌కు బిర్యానీ, పిల్లలకు నోటు పుస్తకాలు కూడా మావే. రెండేళ్లలో నలభై మంది దాకా రావడం మొదలైంది, పదకొండు మంది బాప్తిస్మం పొందారు. అంతలో ఒకరికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది, ఒకరికి పెళ్లయింది, నాకు బదిలీ అయింది. మేము వెళ్లని మొదటి ఆదివారమే అక్కడ కూడిక లేదు. రెండో ఆదివారమూ లేదు. కొన్ని నెలలకు బస్టాండులో ఆ ఊరి ముసలమ్మ ఒకావిడ కనబడి, "మీరు రావట్లేదు కదయ్యా, మరి మాకు ప్రార్థన ఎవరు చేస్తారు?" అని అడిగింది. ఆమె నిష్ఠూరం ఆడలేదు, ఉన్న మాటే అడిగింది. ఆ రెండేళ్లలో ఆ పల్లెవాళ్లలో ఒక్కరి చేత కూడా పైకి ప్రార్థన చేయించలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

మేము చేసిన తప్పు ఏమిటో తెలుసుకోవడానికి నాకు పెద్ద పుస్తకాలు అక్కరలేకపోయింది. మన ప్రకాశం జిల్లా చరిత్రే చాలింది.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను పని ఎన్నో ఏళ్లు దాదాపు ఫలం లేకుండానే సాగింది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్ గారు, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ఆ ప్రాంతం కోసం ప్రార్థించారు. ఇప్పటికీ ఒంగోలువాళ్లు దాన్ని ప్రార్థనా కొండ అనే పిలుస్తారు. ఆ తర్వాత పన్నెండేళ్లకు జాన్ క్లౌ గారు ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. మనం సరిగా గమనించని వ్యక్తి ఎర్రగుంట్ల పేరయ్య గారు.

పేరయ్య గారిది తాళ్లకొండపాడు. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే దేవుణ్ణి వెదికినవాడు, యోగ మార్గంలో గురువుల దగ్గర నేర్చుకున్నవాడు. వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు సువార్త విన్నాడు. 1866లో జూయెట్ గారి చేత బాప్తిస్మం పొందాడు. ఆయన భార్య నాగమ్మ గారూ పొందారు. ఆ దంపతులు మిషను కాంపౌండులో ఉండిపోలేదు, తమ ఊరికి తిరిగి వెళ్లారు. తమ పల్లెలో, చుట్టుపక్కల తమ బంధువుల పల్లెల్లో తాము విన్నది చెప్పారు. మరుసటి ఏడు జనవరిలో క్లౌ గారు తాళ్లకొండపాడు వెళ్లేసరికి, పని మొదలుపెట్టాల్సిన అవసరం లేకపోయింది. బోధ వినడానికి సిద్ధపడిన జనం, తిండి సామాను మూట గట్టుకొని చింతతోపులో ఆయన కోసం కాచుకొని ఉన్నారు. కొద్ది రోజుల బోధ తర్వాత ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు.

ఇక్కడ క్రమం చూడండి. దొర గారు వచ్చి సంఘం పెట్టలేదు. ఊరివాడు, ఊరి కోడలు ఆ పని చేశారు. దొర గారు వచ్చి దాన్ని గుర్తించి, బోధించి, నిలబెట్టారు. ఫిలిప్పీలో లూదియ ఇల్లు, ఎఫెసులోనూ రోమాలోనూ అకుల ప్రిస్కిల్లల ఇల్లు ఇలాగే పనికొచ్చాయి. మేము పల్లెకు కీబోర్డు తీసుకెళ్లాం గాని అక్కడ పేరయ్య ఎవరు, నాగమ్మ ఎవరు అని వెదకలేదు.

బాప్తిస్మం పొందినవారిని క్లౌ గారు అడిగినవి ముఖ్యంగా మూడు. ఆదివారం పని మానాలి, చచ్చిన పశువు మాంసం తినడం మానాలి, విగ్రహారాధన మానాలి. వినడానికి చిన్న నియమాలే. కానీ ఆ రోజుల్లో ఆ పల్లెవాళ్ల బతుకు ఊరి రైతులతో వెట్టితో ముడిపడి ఉంది. ఆదివారం పనికి రామన్నా, జాతరలో డప్పు కొట్టమన్నా పెద్దలకు కోపం వచ్చింది. బావుల దగ్గరికి రానివ్వలేదు, పని ఇవ్వలేదు, కొట్టారు కూడా. అంటే విశ్వాసంలో పెంచడమంటే ఆదివారం ప్రసంగం ఒక్కటే కాదు. సోమవారం నీళ్లెక్కడ దొరుకుతాయన్న ప్రశ్న కూడా సంఘానిదే అయింది.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని ఇచ్చారు. మిషను బోధకులే మేస్త్రీలుగా ఉండి, విరామంలో కూలీలతో కూర్చొని సువార్త చెప్పేవారు. బాప్తిస్మం కావాలని జనం గుంపులుగా అడిగారు. క్లౌ గారు ఒప్పుకోలేదు. కరువు సాయం అందుతున్నంత కాలం, పదిహేను నెలలపాటు, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన భయం. సాయం ఆగిపోయాక కూడా జనం తిరిగి వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారు.

ఆ అంకె మన ప్రసంగాల్లో చాలాసార్లు వింటాం. ఆ పదిహేను నెలల సంగతి మాత్రం వినం. ఇవాళ మందిర ప్రతిష్ఠకు ముందు బాప్తిస్మాల సంఖ్య కోసం ఒత్తిడి పడే మన సేవకులకు ఆ పదిహేను నెలలే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

అంతమంది ఒక్కసారి వస్తే వారిని ఎవరు చూసుకోవాలి? పల్లెలు వందల్లో ఉన్నాయి, మిషనరీలు వేళ్లమీద లెక్కపెట్టదగినంత మంది. క్లౌ గారు ఇక్కడ ఒక తెలివైన పని చేశారు. పల్లెలో అప్పటికే ఉన్న పెద్దమనుషుల పంచాయితీ పద్ధతిని కొట్టిపారేయకుండా, క్రైస్తవులైన పెద్దల చేతికే పల్లె సంఘం బాధ్యత అప్పగించారు. బోధకులు మూడు నెలలకొకసారి ఒంగోలు వచ్చి, తమ పల్లెల సంగతులు చెప్పి, కొత్త పాఠం నేర్చుకొని వెళ్లేవారు. వారి చదువు కోసం రామాయపట్నంలో సెమినరీ వచ్చింది. అయినా ఆ పెంపకం సులువుగా జరగలేదు. వచ్చినంత వేగంగా బోధకులు తయారు కారు కదా.

అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం చదివేటప్పుడు బైబిలు వెనుక ఉన్న మ్యాపు తీసి చూడండి. పౌలు బర్నబాలు దెర్బే చేరేసరికి, అక్కడి నుంచి తార్సు మీదుగా ఇంటికి దారి ఉంది. వాళ్లు ఆ దారి పట్టలేదు. వెనక్కి తిరిగి లుస్త్రకు, ఈకొనియకు, అంతియొకయకు వెళ్లారు. లుస్త్రలో పౌలును రాళ్లతో కొట్టి చచ్చాడనుకొని ఊరి బయటికి ఈడ్చారు. అదే ఊరికి మళ్లీ ఎందుకు వెళ్లారు? శిష్యులను స్థిరపరచడానికి, ప్రతి సంఘంలో పెద్దలను ఏర్పరచడానికి. కొత్త పట్టణాల జాబితా పెంచుకోవడం కన్నా ఈ తిరుగు ప్రయాణం వారికి ముఖ్యమైంది.

తెలుగు నేలమీద ఈ తిరుగు ప్రయాణాన్ని ఒక పద్ధతిగా మార్చినవారు దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య గారు. ఆయన తమిళులు, తిరునెల్వేలి ప్రాంతంవారు. అక్కడి క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకొని, నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలకు సేవకులను పంపారు. అజరయ్య గారు 1909లో తానే దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్పు అయ్యారు.

ఆయన పని గురించి చెప్పేవాళ్లు సాధారణంగా దోర్నకల్ కతీడ్రల్ దగ్గర ఆగిపోతారు. 1939లో ప్రతిష్ఠించిన ఆ మందిరం అందమైనదే. కానీ ఆ డయాసిస్‌ను నిలబెట్టింది పల్లె పంతులు, ఆయన భార్య. దోర్నకల్‌లో శిక్షణకు భర్త ఒక్కణ్ణే కాక కుటుంబాన్నంతటినీ తీసుకొనేవారు, భార్యకూ చదువు చెప్పేవారు. తర్వాత ఆ ఇద్దరూ పల్లెలోనే కాపురం ఉండేవారు. పగలు తాటాకు పాకలో పిల్లలకు బడి, రాత్రి కూలి నుంచి వచ్చిన పెద్దలకు దీపం పెట్టి ప్రార్థన. చదువు రానివారికి ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి నేర్పేవారు. పురుషోత్తమ చౌదరి గారి వంటి కవుల కీర్తనలు ఆ నోళ్లకు వేదాంతమయ్యాయి. అక్షరం ముక్క రాని మా నాయనమ్మకు సిలువ అర్థం పాటల్లోంచే తెలుసు. ఇప్పటి మన పాటల్లో "నేను" అన్న మాట తగ్గించి, యేసు ఏం చేశాడో చెప్పే చరణాలు కాస్త పెంచితే మంచిదని అనిపిస్తుంది. అది ఇంకో వారం రాస్తాను.

అజరయ్య గారి మరో అలవాటు నాకు చాలా ఇష్టం. బాప్తిస్మం పొందినవారు తమ తలమీద తామే చేయి పెట్టుకొని, 1 కొరింథీయులకు 9:16లో పౌలు తన గురించి చెప్పుకున్న మాటను తమ మాటగా పలికేవారు. అంటే ఆ రోజు వచ్చినవాడు ఆ రోజే సాక్షి. బోధించడం అయ్యగారి పని, వినడం మా పని అనుకొనే వీలు ఉండేది కాదు.

ఇవ్వడం గురించీ ఒక మాట. పేదవారి దగ్గర కానుక అడగకూడదని మేము ఆ పల్లెలో ఎప్పుడూ కానుక పట్టలేదు. దయ చూపిస్తున్నామనుకున్నాం. అజరయ్య గారు అలా అనుకోలేదు, పేద సంఘాలకే ఇవ్వడం నేర్పారు, దాని గురించి పుస్తకం కూడా రాశారు. పొయ్యిమీద ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేయడం మన పల్లె సంఘాల్లో చాలా చోట్ల ఉంది. మిజోరంలో స్త్రీలు 1910లో మొదలుపెట్టిన ఇదే అలవాటు అక్కడి సంఘాల సేవకు పెద్ద ఆధారమైంది. పిడికెడు బియ్యం విలువ ఎంత? ఏమంత లేదు. కానీ ఇచ్చినావిడకు ఈ సంఘం నాది అన్న హక్కు వస్తుంది. కోత పండుగలో గుమ్మడికాయ తెచ్చి, వేలంపాటలో అది ఎంతకు పోయిందో చూసి మురిసిపోయే రైతు, పాస్టరు గారు లేని ఆదివారం కూడా మందిరం తాళం తీస్తాడు.

ఇప్పటి ఒక బాధ చెప్పక తప్పదు. ఒకే వీధిలో నాలుగో సంఘం ప్రారంభమవుతుంది. అందులో కొత్త విశ్వాసులు ఉండరు, మిగతా మూడు సంఘాలలో పాస్టరు గారితోనో పెద్దలతోనో పడక బయటికొచ్చినవారు ఉంటారు. దీన్ని సంఘ స్థాపన అనడానికి నాకు నోరు రాదు. వేరొకరు వేసిన పునాదిమీద కట్టకూడదని పౌలు రోమీయులకు రాసిన పత్రికలో (15:20) చెప్పుకున్నాడు. అయితే ఊరొదిలి వెళ్లినవారి కోసం పెట్టే సంఘం వేరు. హైదరాబాదు శివార్లలో, బెంగుళూరులో, గల్ఫ్‌లో తెలుగు కూలీలు, ఉద్యోగులు గదుల్లో కూడుకొనే చిన్న సంఘాలకు మన సాయం కావాలి. వాటిలో చాలావాటిని నడిపిస్తున్నది శుక్రవారం సెలవు దొరికే డ్రైవర్లు, మేస్త్రీలు.

ఆ పల్లెకు మేము గత సంవత్సరం నుంచి మళ్లీ వెళ్తున్నాం. ఈసారి నెలకు ఒక్కసారే. మైకు తీసుకెళ్లడం లేదు. అప్పట్లో బాప్తిస్మం పొందిన పదకొండు మందిలో ఆరుగురు మిగిలారు. మిషను కుట్టే ఒక చెల్లెమ్మ తన ఇంటి వసారాలో కూడిక పెడుతోంది. మేము వెళ్లినప్పుడు ముందురోజు రాత్రి ఆమెతో, మరో ఇద్దరితో కూర్చొని వచ్చే నాలుగు ఆదివారాల వాక్యభాగాలు చదువుతాం. ఎక్కడ అర్థం కాలేదో వాళ్లే చెబుతారు. కానుకలో బియ్యం వస్తే ఆ వారం ఊళ్లో మంచంపట్టినవారి ఇంటికి పంపుతున్నారు. అది వాళ్ల నిర్ణయం, మమ్మల్ని అడగలేదు.

పోయిన నెల బస్సు ఆలస్యమై నేను వెళ్లేసరికి కూడిక మొదలైపోయింది. చెప్పులు విడిచి వెనుక కూర్చున్నాను. ఆ చెల్లెమ్మ మార్కు సువార్త చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోతే, పదో తరగతి పిల్ల ఒకతి అందించింది. తర్వాత ప్రార్థన ఎవరు చేస్తారని అడిగితే, బస్టాండులో నన్ను ప్రశ్న వేసిన ముసలమ్మ లేచి కొంగు తలమీదికి లాక్కుంది.