ఈ మూడు రికార్డులు వినండి

రాక్ సంగీతమంటే డప్పుల మోత, జులపాల జుట్టు అనుకునే పెద్దలు మన యిళ్ళలో యింకా ఉన్నారు. వారి ముందు ధైర్యంగా పెట్టదగిన ఆల్బంలు మూడు చెబుతాను. మూడూ 2024లో అమెరికాలో వెలువడ్డవే. యూనివర్సల్, సోనీ, వార్నర్ అనే మహా కంపెనీలు కాక, చిన్న సంస్థలు తెచ్చే యిటువంటి సంగీతాన్ని 'ఇండీ' అంటారు.

మొదటిది ఏడ్రియన్ లెంకర్ పాడిన 'బ్రైట్ ఫ్యూచర్'. అడవిలో దాగిన ఒక స్టూడియోలో, స్నేహితులు ముగ్గురిని పక్కన కూర్చోబెట్టుకొని, పాటలన్నీ పాతకాలపు టేపు మీద పట్టింది. కంప్యూటరు చేత నగిషీలు చెక్కించలేదు. మొదటి పాట 'రియల్ హౌస్'లో తాళం కోసం, పల్లవి కోసం వెతక్కండి. పియానో మెల్లగా మోగుతూంటే, ఆవిడ తన చిన్నతనం తల్లికి చెప్పుకుంటూ పోతుంది. పెంచిన కుక్క పోయిననాడు తల్లి కంట తొలిసారి నీరు చూసిన సంగతి దాకా వస్తుంది. ఇంగ్లీషు ముక్క రాని మా అత్తగారు జపమాల ఆపి, "ఎవరి బిడ్డో పాపం, ఎంత దిగులే అమ్మాయ్!" అన్నారు. అంతకు మించిన సిఫారసు నేను చేయలేను.

రెండోది అదే రోజున, మార్చి 22న, వచ్చిన 'టైగర్స్ బ్లడ్'. పేరు చూసి జడుసుకోకండి. ఐసు తురుము మీద పోసే ఎర్రని తీపి పాకానికి అక్కడ ఆ పేరు. పాడిన కేటీ క్రచ్‌ఫీల్డ్ అలబామా ఆడపడుచు. అక్కడి 'వాక్సహాచీ' అనే వాగు పేరే తన సంగీతానికి పెట్టుకుంది. 'రైట్ బ్యాక్ టు ఇట్' పాటలో ఎం. జె. లెండర్మన్ అనే కుర్రవాడు ఆమెతో గొంతు కలుపుతాడు. కొత్త వలపు కాదు, ఏళ్ళు గడిచిన ప్రేమ ఆ పాటకు వస్తువు. మన సినిమావారు కాస్త యిటు చూస్తే బాగుండును!

మూడోది ఆ కుర్రవాడిదే, 'మానింగ్ ఫైర్‌వర్క్స్'. వెటకారం హెచ్చు, గిటారు మోతా హెచ్చే. అత్తగారు గుడికి వెళ్ళినప్పుడు పెట్టుకోండి.

ఇక డబ్బు మాట. ఫోనులో ఊరికే వస్తూంటే కొనడం దేనికని మావారి ప్రశ్న. ఏడాదికి వెయ్యిసార్లయినా వినబడని పాటకు స్పాటిఫై 2024 నుంచి కానీ కూడా యివ్వడం లేదు. ఈ ముగ్గురికీ ఆ బెంగ లేదు. వీరి వెనక గిటారు పట్టుకొని బయలుదేరిన వారి గతేమిటి? బ్యాండ్‌క్యాంప్‌లో పాట కొంటే, నూటికి 15 తన వాటా, చెల్లింపు ఖర్చులు పోను, మిగిలింది పాడినవారి వైపు వెళుతుంది. నెలకొక సినిమా మానుకుంటే సరిపోయే ఖర్చు. మావారు యింకా ఆలోచిస్తున్నారు. లెంకర్ ఆల్బం మటుకు నేను కొనేశాను.