అక్వేరియంలో నిలకడైన ఉష్ణోగ్రత: హీటరుకు తోడుగా కంట్రోలరు

చేపలు శీతల రక్త జీవులు. చుట్టూ ఉన్న నీటి వేడిమిని బట్టే వాటి జీర్ణక్రియ, శ్వాసక్రియ, రోగనిరోధక శక్తి ఆధారపడి ఉంటాయి. గప్పీ, ఏంజెల్, ఫైటర్ వంటి ఉష్ణమండలపు రంగు చేపలకు 25 నుండి 28 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. డిస్కస్‌కు 28 నుండి 30 డిగ్రీలు కావాలి. గోల్డ్‌ఫిష్ చల్లని నీటి చేప కనుక దానికి సాధారణంగా హీటరు అవసరం ఉండదు. ఆదిలాబాద్, అరకు వంటి ప్రాంతాల శీతాకాలంలో చిన్న తొట్టెలోని నీరు తెల్లవారేసరికి బాగా చల్లబడుతుంది. ఒక డిగ్రీ తక్కువైనా నిలకడగా ఉన్న నీటిని చేప తట్టుకుంటుంది కాని, హఠాత్తుగా మారే నీటిని తట్టుకోలేదు. అలా చల్లబడిన తరువాత తెల్లమచ్చల వ్యాధి తలెత్తడం పెంపకందారులు ఎరిగినదే.

హీటరులోనే థర్మోస్టాట్ ఉండగా వేరే కంట్రోలరు ఎందుకన్న ప్రశ్న సహజం. థర్మోస్టాట్ స్పర్శకాలు రోజుకు అనేక పర్యాయాలు కలిసి విడిపోతూ క్రమంగా అరుగుతాయి. ఒక్కొక్కప్పుడు అతుక్కుపోయి, హీటరు ఆగకుండా పనిచేస్తూనే ఉంటుంది. హీటరు పనిచేయకపోవడం కంటే ఇది ప్రమాదకరం. 25 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 35 డిగ్రీల వద్ద సుమారు 7 మిల్లీగ్రాములే. అదే సమయంలో చేప ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, అమ్మోనియా విషప్రభావమూ హెచ్చుతుంది.

అందుచేత హీటరు సామర్థ్యాన్ని ఆలోచించి ఎంచుకోవాలి. 100 లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి, ఉష్ణ నష్టాన్ని లెక్కించకుంటే, 100 వాట్ల హీటరుకు సుమారు 70 నిమిషాలు, 300 వాట్ల హీటరుకు 23 నిమిషాలు పడుతుంది. పెద్దది త్వరగా వేడి చేస్తుందన్నది నిజమే, కాని అతుక్కుపోతే అంతే త్వరగా చేపలను చంపుతుంది. లీటరుకు ఒక వాటు చొప్పున, వీలైతే 50 వాట్లవి రెండు అమర్చుకోవడం మేలు. ఒకటి చెడినా రెండవది కొంతవరకు ఆదుకుంటుంది.

కంట్రోలరును 26 డిగ్రీలకు, వ్యత్యాసాన్ని అర డిగ్రీకి అమర్చితే నీరు 25.5కు దిగినప్పుడు హీటరు వెలిగి, 26 వద్ద ఆగుతుంది. వ్యత్యాసం మరీ తక్కువైతే కంట్రోలరులోని రిలే మాటిమాటికీ పనిచేసి త్వరగా పాడవుతుంది. హీటరు సొంత థర్మోస్టాట్‌ను 28 వద్ద ఉంచాలి. కంట్రోలరు రిలే అతుక్కుపోయినా అప్పుడు అది అడ్డుకుంటుంది.

సెన్సరును హీటరుకు దూరంగా, ఫిల్టరు నీరు ప్రవహించే చోట బిగించాలి. అది జారి నీటి బయట పడితే గది చలిని నీటి చలిగా భావించి హీటరును ఆపదు. ఈ ఒక్క విషయంలో అశ్రద్ధ పనికిరాదు. వారానికి ఒకసారి గాజు థర్మామీటరుతో రీడింగును సరిచూడాలి. నీరు మార్చే ముందు హీటరును ఆపి, 15 నిమిషాలు చల్లారనివ్వాలి. లేనిచో నీటి పైకి తేలిన వేడి గాజు గొట్టం పగులుతుంది. తీగ ప్లగ్గు కంటే దిగువకు వంగి వేలాడేలా ఉంచితే నీటి చుక్కలు ప్లగ్గులోకి చేరవు.

విద్యుత్తు పోయినప్పుడు తొట్టె చుట్టూ థర్మోకోల్ పలకలు అమర్చితే నీరు నెమ్మదిగా చల్లబడుతుంది. సరఫరా తిరిగి వచ్చాక వేడినీరు పోయనవసరం లేదు; హీటరే క్రమంగా వేడి చేస్తుంది.